ఏలూరు తమ్ముడి వ్యాక్యూమ్ క్లీనర్

“సర్, ఎంసెట్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది?”

“రాష్ట్రం వచ్చాక.”

“ఏ రాష్ట్రం?”

“అది సిలబస్‌లో లేదు.”

కోడ్ సరిపోయింది. బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ లెక్కల మాస్టారు తలుపు గడియ వేసి, ఊడివస్తున్న పెట్టుడు మీసాన్ని వేలితో అదిమిపెట్టుకున్నాడు. ఆయన పేరు పట్టాభి. ప్రభుత్వం ఉందని ఒప్పుకోని ఒక చిన్న డిపార్టుమెంటుకు చీఫ్. ఎదురుగా బెంచీ మీద, మెడలో కంపెనీ టైతో కూర్చున్నవాడు ఆయన ఏజెంటు మహేందర్.

చైతన్యపురిలో ఆ కోచింగ్ సెంటరుకు తాళం పడి మూడు వారాలు దాటింది. సకల జనుల సమ్మె. రోడ్డు మీద బస్సు లేదు, గనుల్లోంచి బొగ్గు రాదు, కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. రహస్యంగా మాట్లాడుకోవడానికి ఊళ్ళో ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

“టైమ్ లేదు,” అన్నాడు చీఫ్. “త్రినాథరావు తెలుసుగా?”

మహేందర్ తలెత్తాడు. “తెలుసు సార్. డిఫెన్స్ ల్యాబ్‌లో సైంటిస్టు. అల్మాస్‌గూడలో ఇల్లు. మా కంపెనీ క్లీనర్ కొన్నారు. అమ్మింది నేనే.”

“ఈ సాయంత్రం ఆయన్ని అరెస్టు చేస్తున్నాం.”

“దేనికండీ?”

చీఫ్ ఓ కాగితం ముందుకు తోశాడు. అవతలి దేశం వాళ్ళకు వెళ్తున్న మెసేజ్. డీకోడింగ్ సెక్షన్ కష్టపడి విప్పింది. గైడెన్స్ యూనిట్ టెస్టు వాయిదా పడిందనీ, కారణం ఫలానా అనీ త్రినాథరావు అన్న మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి. చివర ఇంకో వాక్యం కూడా ఉంది: ‘వంకాయ కూరలో ఉప్పు తక్కువైంది.’

“దేశద్రోహి ఎవడైనా శత్రువుకి వంకాయ కూర సంగతి చెప్తాడా సార్?”

“చెప్పడు. నాకూ అదే అనిపించింది. కానీ పైవాళ్ళకి అనిపిస్తే చాలదు, వస్తువు కావాలి. ఆయన ఇంట్లో లేనప్పుడు మనవాళ్ళు ఇల్లంతా గాలించారు. టీవీ, ఫోను, గోడ గడియారం, ఆఖరికి మీ క్లీనరు కూడా విప్పారు. దుమ్ము సంచి చూశారు, మోటారు చూశారు. అడుగున సీలు వేసిన అర ఒకటుంది. నీ డ్రాయింగులో ‘బరువు కోసం ఇనుప ప్లేటు’ అని ఉంది. మనవాడు గీసిందే కదా అని వదిలేశారు.”

మహేందర్ టై ముడి వదులు చేసుకున్నాడు.

ఎల్బీనగర్‌లోని ‘మెరుపు హోమ్ కేర్’ కంపెనీకి విదేశీ డబ్బు వస్తోందని డిపార్టుమెంటుకు అనుమానం. టూల్ డిజైన్‌లో డిప్లొమా ఉంది కనుక మహేందర్‌ను బాడీ డిజైనర్‌గా అందులోకి దించారు. ఓనర్ హాల్డెన్ అనే దొర. ఏ దేశంవాడో ఫైల్లో కూడా రాయలేదు. సేల్స్ హెడ్‌కి ఆంధ్రావాళ్ళంటేనే నమ్మకం అని తెలిసి, దేవరకొండ పక్క పల్లెలో పుట్టిన మహేందర్ ‘ఏలూరు అభిరామ్’ అయిపోయాడు. అండీ, గారూ నేర్చుకున్నాడు. ఊళ్ళో నాన్న గోపయ్య జెండా పట్టుకుని ధర్నాలో కూర్చుంటే, కొడుకు ఇక్కడ యాస మార్చుకుని దుమ్ము పీల్చే యంత్రాలు గీశాడు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా సిగ్గేసేది. డ్యూటీ అని సర్దిచెప్పుకునేవాడు.

కానీ పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో రెండు పెంకులు, పైదొకటి, కిందదొకటి. ముందు సగంలో మోటారు గాలిని లాగుతుంటే గోడలు లోపలికి వంగిపోతాయి కనుక అక్కడ అడ్డంగా, నిలువుగా పక్కటెముకల్లా రిబ్బులు ఇచ్చాడు. వెనక సగంలో గాలి బయటికి పోయేదే కనుక సన్న చీలికలు చాలు. దాని పక్కనే పైపు తగిలించి ఊదుకోవడానికి బ్లోయర్ మూతి. శాంపిల్ చూసి సేల్స్ హెడ్ విజయదుర్గ ఒంటిచేత్తో ఎత్తింది. కంచిపట్టు చీర, నల్ల కళ్ళద్దాలు, గదిలోంచి వెళ్ళాక కూడా వెళ్ళని సంపంగి సెంటు.

“మరీ తేలిగ్గా ఉంది అభిరామ్,” అంది. “మనవాళ్ళు చేత్తో ఎత్తి చూసి కొంటారు. బరువుంటేనే సరుకంటారు. అడుగున ఏదైనా పెట్టు.”

ఆ మాటలో అబద్ధం లేదు. మహేందర్ తల్లి స్టీలు గిన్నె కొన్నా ముందు చేతిలో పెట్టుకుని తూచి చూసేది. అందుకే అతను అడుగున ఒక అర గీశాడు, చుట్టూ మందంగా గోడలు కట్టాడు, నాలుగు స్క్రూలిచ్చాడు. లోపల ప్లాస్టిక్ మందమైతే పైన నునుపు మీద లొత్త పడుతుంది. పడింది. డిజైనర్‌కి అది అవమానం. ఆ లొత్త మీద, స్క్రూల మీద కంపెనీ స్టిక్కర్ అతికించి దాచేశాడు. విజయదుర్గ నవ్వి “శెభాష్” అంది. ఆ నవ్వుకు పొంగిపోయి, షెడ్డులోకి ఇనుప ప్లేట్లు వచ్చాయా లేదా అని ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, అసలెప్పుడూ రాలేదు.

“సార్,” అన్నాడు కాగితం వెనక్కి తోస్తూ. “దొంగ ఇల్లు చూపించమంటే నేను దొంగకి ఇల్లు కట్టిచ్చాను. వస్తువు ఆ అరలోనే ఉంది.”

“అలాంటివి బోలెడు అమ్మారు. చాలామంది ల్యాబ్ ఉద్యోగులే. మిగతా ఏ ఇంటి నుంచీ ఒక్క ముక్క బయటికి పోలేదు. ఈయనింటి నుంచే ఎందుకు పోయింది?”

జవాబు మహేందర్‌కు తెలుసు. తెలియకపోయినా బాగుండుననిపించింది. అరలో పెట్టిన పరికరానికి బ్యాటరీ ఉంటుంది. అది మోటారు తిరిగితేనే చార్జ్ అవుతుంది. మనవాళ్ళు క్లీనర్ కొంటారు, డెమో రోజున ముచ్చటగా తిప్పుతారు, మర్నాడు అట్టపెట్టెలో పెట్టి అటక మీదకు ఎక్కిస్తారు. పొద్దున్నే చీపురే పడుతుంది. హాల్డెన్ దొరకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక్క త్రినాథరావు భార్య నాగేశ్వరి మాత్రమే రోజూ వాడింది. ఎందుకంటే అభిరామ్ వెళ్ళినప్పుడల్లా “అక్కా, వాడుతున్నారా?” అని అడిగేవాడు. ఆవిడది తణుకు. “మా పక్క ఊరోడివి” అని పులిహోర పెట్టేది, తమ్ముడూ అని పిలిచేది. ఆ తమ్ముడి మనసు కష్టపెట్టలేక రోజూ భోజనాల బల్ల కింద ఆ యంత్రాన్ని తిప్పింది.

అప్పుడే ఫోను మోగింది. సంపంగి సెంటు విజయదుర్గ గొంతు. “అభిరామ్, ఇవాళ నాగేశ్వరి గారింట్లో ఫ్రీ సర్వీసు. హాల్డెన్ గారే స్వయంగా వస్తున్నారు. నీకు చెప్పాలనిపించింది.” పెట్టేసింది.

చీఫ్ మీసం పీకేశాడు. “మాటలు రికార్డయ్యే మెమరీ చిప్ తీసుకుపోవడానికి. సర్వీసు పేరుతో వాళ్ళు మోసుకుపోయేది అదే. నిన్న రాత్రి త్రినాథరావు కొత్త టెస్టు తేదీ గురించి ఇంట్లోంచి ఫోన్లో మాట్లాడాడు. చిప్ వాడికి చిక్కితే తేదీ పోతుంది, సాక్ష్యం పోతుంది, త్రినాథరావు జీవితం పోతుంది. మన జీపు మూసారాంబాగ్ బ్రిడ్జి మీద ఊరేగింపులో ఇరుక్కుంది. నువ్వు బయల్దేరు. ఆపరేషన్ చీపురు!”

“ఆవిడ ఫోన్ చేసిందంటే ట్రాప్ కావచ్చు సార్.”

“కావచ్చు. వెళ్ళు.”

ఎల్బీనగర్ చౌరస్తా దాకా మహేందర్ బైకు బాణంలా పోయింది. అక్కడ రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిలు, వాటి మీద గంగాళాలు, చుట్టూ గులాబీ జెండాలు. వంటావార్పు. రోడ్డు మీదే వండటం, రోడ్డు మీదే తినటం. కుర్రాళ్ళు బైకు ముందు నిలబడ్డారు.

“ఏడికన్నా? బంద్ అని ఎరుక లేదా? గీ టై ఏంది?”

“కొంచెం దారివ్వండి బాబూ, చాలా అర్జెంటండీ,” అన్నాడు మహేందర్. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. కుర్రాళ్ళ ముఖాలు మారిపోయాయి.

“నేను మీవోణ్ణే తమ్మీ,” అన్నాడు తడబడుతూ. “మాది దేవరకొండ దిక్కు. గోపయ్య కొడుకుని.” సొంత యాస నోట్లో తుప్పు పట్టిన తాళంలా తిరిగింది. అది అతనికే కొత్తగా వినబడి, కళ్ళు చెమర్చాయి.

గంటె పట్టుకున్న ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. అందరూ ఆమెను సుమిత్రమ్మ అంటున్నారు. “నల్లగొండ పోరనివి, గా అండీలు ఏంది బిడ్డా? ఎవ్వని దగ్గర పని చేస్తున్నవ్?”

“చెప్పరాదమ్మా. ఒక ఇంటోళ్ళకు నా తోని తప్పు జరిగింది. పోయి సక్కజెయ్యాలె.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. “సరే పో. గని వంటావార్పు కాడికొచ్చి తినకుంట పోతరా? గీ బుక్కెడు తిను.” మోదుగాకు విస్తరిలో పొగలు కక్కే అన్నం, చింతపండు పప్పు. టైమ్ లేదంటే వినేలా లేదు. అతను నిలబడే మింగాడు. నాలుక కాలింది, కడుపు చల్లబడింది. తన వాళ్ళ తిండి తిని ఎన్నాళ్ళయిందో. “తొవ్వ ఇయ్యుర్రి!” అని సుమిత్రమ్మ గంటె ఊపగానే జనం రెండుగా విడిపోయారు.

అల్మాస్‌గూడలో నాగేశ్వరి ఇంటి ముందు తెల్ల కారు అప్పటికే ఉంది.

లోపల కరెంటు లేదు. హాల్లో వంటింటి కత్తిపీట, మిక్సీ, స్కూటరు తాళాలు, మధ్యలో ఎర్రటి వ్యాక్యూమ్ క్లీనర్, అన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి ఉన్నాయి. ఆ రోజు మహర్నవమి, ఆయుధపూజ. ముందు పళ్ళెంలో కుప్పలుగా పసుపు, కుంకుమ, విభూతి. ఒక పక్క నల్ల కళ్ళద్దాలతో విజయదుర్గ. ఇంకో పక్క, స్క్రూడ్రైవర్ పట్టుకుని చెమటలు కక్కుతున్న హాల్డెన్. వాళ్ళకు అడ్డంగా నడుముకు కొంగు దోపి నాగేశ్వరి. త్రినాథరావు లుంగీతో సోఫా అంచున కూర్చుని ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేక చూస్తున్నాడు.

“అమ్మా, ఇది రెండు నిమిషముల పని మాత్రమే,” అన్నాడు హాల్డెన్. దొర తెలుగు వ్యాకరణ పుస్తకంలో నేర్చుకున్నాడు.

“రెండు నిమిషాలు కాదు బాబూ, రెండు క్షణాలైనా కుదరదు. పూజ చేసిన వస్తువు. రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు, విప్పకూడదు. అరే, తమ్ముడూ! సమయానికొచ్చావు, నువ్వైనా చెప్పు వీళ్ళకి!”

తమ్ముడూ అన్న పిలుపు మహేందర్‌కు చెంపదెబ్బలా తగిలింది. హాల్డెన్ చూపు అతని మీదకు మళ్ళింది. ఓపిక అయిపోయినట్టుంది. సంచిలోంచి, సోఫా సందుల్లో దుమ్ము తీసే సన్న నాజిల్ బయటికి తీశాడు. దాని చివర దుమ్ము లాగే మూతి కాదు, పిస్టల్ గొట్టం ఉంది.

“ఇప్పుడు అందరును నిశ్శబ్దముగా ఉండవలెను.”

నాగేశ్వరి నిశ్చేష్టురాలైంది. త్రినాథరావు లేచి భార్యకు అడ్డంగా వచ్చాడు. మంచివాడు. ఈయన్నే సాయంత్రం అరెస్టు చేయాలనుకుంది తన డిపార్టుమెంటు.

మహేందర్ చుట్టూ చూశాడు. క్లీనర్ ప్లగ్ గోడకు పెట్టే ఉంది. రోజూ వాడే వస్తువు కదా, ఆవిడ తీయలేదు. పైపు చుట్టలు చుట్టి పక్కనే ఉంది. కరెంటు లేదు. అయినా అంతకన్నా దారి లేదు.

“దొరగారూ, విప్పేముందు ఒక్కసారి దణ్ణం పెట్టుకోనివ్వండి,” అన్నాడు. “పూజ చేసినదాన్ని దణ్ణం పెట్టకుండా కదిపితే చేసేవాడికి మంచిది కాదు.”

హాల్డెన్ విజయదుర్గ వైపు చూశాడు. “అవును సర్, చాలా పట్టింపు,” అంది ఆమె, ముఖంలో ఏ భావమూ లేకుండా.

మహేందర్ యంత్రం ముందు సాష్టాంగపడ్డాడు. సగం నటన, సగం కాదు. క్షమించమని అడగాల్సింది చాలానే ఉంది. చాచిన చేతుల్లో ఒకటి పైపు కొసను బ్లోయర్ మూతిలోకి తిప్పి బిగించింది. ఇంకోటి పైపు రెండో కొసను పళ్ళెం వెనక్కి, దొర ముఖానికి గురిపెట్టింది. నుదురు ఆన్చినట్టు ఆన్చి స్విచ్ నొక్కాడు. ఏమీ కాలేదు. కరెంటు లేదుగా.

“చాలును. లెమ్ము.”

అతను లేచాడు. హాల్డెన్ ఒక చేత్తో పిస్టల్ పట్టుకునే వంగి, స్టిక్కర్ పీకి, ఒక స్క్రూ తిప్పాడు. రెండోది తిప్పాడు. మహేందర్ పళ్ళ బిగువున దేవుళ్ళందర్నీ, ఆ వరసలోనే విద్యుత్ శాఖనూ తల్చుకున్నాడు. మూడో స్క్రూ. నాలుగోది సగం తిరిగింది.

“కరెంటొచ్చిందోయ్!” అని కాలనీ అంతా ఒక్క గొంతుతో కేక పెట్టింది.

క్లీనర్ ఒక్కసారిగా హోరుమంది. మహేందర్ గీసిన బ్లోయర్ మూతి, కొన్నవాళ్ళెవరూ వాడని ఆ మూతి, పళ్ళెంలోని పసుపు కుంకుమలన్నీ ఎత్తి దొర ముఖాన కొట్టింది. హాల్డెన్ కళ్ళు పట్టుకుని అరిచాడు. పిస్టల్ పేలింది, గోడ మీద క్యాలెండర్‌కు చిల్లు పడింది. మరుక్షణం విజయదుర్గ మడమ దొర మణికట్టు మీద పడింది. నాజిల్ జారి వంటింట్లోకి పోయింది. మహేందర్ దొర మీద పడి టై విప్పి చేతులు కట్టేశాడు.

“నువ్వు...” అన్నాడు రొప్పుతూ విజయదుర్గ వైపు తిరిగి.

ఆమె కళ్ళద్దాలు తీసి కుంకుమ తుడుచుకుంది. “నవమి నాడే సర్వీసు పెట్టించింది ఎవరనుకున్నావ్? దొరకి ఆయుధపూజ అంటే ఏం తెలుసు? పట్టాభి గారి దగ్గర నీకంటే నేను సీనియర్ని. దొర ఈ ఇంట్లో ఏం తీస్తాడో, అది తీస్తుండగానే పట్టుకోవాలన్నారు. నీకు చెప్పొద్దన్నారు.”

“ఆ అర గీయించింది కూడా...”

“దొర ఆర్డరు. నేను పైకి రిపోర్టు చేశాను. ఇనుప ప్లేటే అనుకున్నాను. మనిద్దరం ఒకటే తప్పు చేశాం.” ఆమె గొంతు మొదటిసారి తగ్గింది.

చీఫ్ జీపు వచ్చేసరికి అర తెరిచి ఉంది. ఇనుప ప్లేటు ఉండాల్సిన చోట అంతే బరువున్న బూడిదరంగు డబ్బా. వెనక చీలికల దగ్గర చిన్న మైకు. త్రినాథరావు అరెస్టు కాగితం చీఫ్ అక్కడే చింపేశాడు. దొరను జీపెక్కించారు.

మిగిలింది నాగేశ్వరి. హాలంతా కుంకుమ. ఆవిడ యంత్రం వైపు, డబ్బా వైపు, మహేందర్ వైపు మార్చి మార్చి చూసింది.

“అక్కా,” అన్నాడు మహేందర్. ఏలూరు యాసలో చెప్పబోయి ఆగాడు. ఇక ఆ గొంతుతో ఒక్క ముక్క చెప్పినా పాపమే. “నా పేరు అభిరామ్ కాదు. మాది ఏలూరు కాదు. గా అర గీసింది నేనే. రోజూ వాడుమని అడిగింది నేనే. సారును దొంగను చేసెటోళ్ళు, నా వల్ల.”

ఆవిడ ఊడిన స్టిక్కర్ తీసి అర మీద పెట్టింది. “రోజూ వాడానయ్యా,” అంది. “నడుం నొప్పి పుట్టేది దాని బరువుకి. నువ్వు చిన్నబుచ్చుకుంటావని వాడాను. నాకు చీపురే హాయి.” తిట్టినా బాగుండేది. అతను గడప దాటుతుంటే వెనక నుంచి తలుపు మెల్లగా మూసుకుంది.

మిగతా క్లీనర్లన్నీ వెనక్కి తెప్పించమని డిపార్టుమెంటు మనుషుల్ని పంపింది. అన్నీ అటకల మీద, అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా ఊడకుండా దొరికాయి. దేశాన్ని కాపాడింది అటకలేనని చీఫ్ రిపోర్టులో రాశాడు. మహేందర్ ఆ రిపోర్టు చదవలేదు.

సమ్మె ముగిసిన వారం, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి ఒక కొండచీపురు కొన్నాడు. ఆపరేషన్ చీపురులో చీపురన్నది చేతికి రావడం అదే మొదటిసారి. అల్మాస్‌గూడ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చివరికి గడియ చప్పుడు చేశాడు.

“ఎవరు?”

“మహేందర్‌ని అక్కా. దేవరకొండ.”

తలుపు తెరుచుకుంది. నాగేశ్వరి అతన్ని పైనుంచి కిందికి చూసింది, చీపురును ఇంకొంచెం ఎక్కువసేపు చూసింది.

“ఏలూరు తమ్ముడు ఏమయ్యాడు?”

“లేడక్కా. ఎన్నడూ లేడు.”

“వాడంటే నాకిష్టమే,” అంది ఆవిడ. “నువ్వెలాంటివాడివో చూడాలి.” చీపురు అందుకుని, అలవాటు కొద్దీ చేతిలో ఎత్తి బరువు చూసింది. “రా. చెప్పులు బయటే విప్పు, ఇప్పుడే ఊడ్చాను.”